పూసల లెక్క

రెంటచింతలలో మా అక్కయ్య ఇంటికి వెళ్తే వరండా మూలన ఉన్న మట్టికుండ ముందు కనిపిస్తుంది. కుండలో సగం దాకా తడి ఇసుక, ఇసుక మధ్యలో చిన్న ముంత, ముంతలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఇన్సులిన్ సీసా. ఇంట్లో ఫ్రిజ్ ఉంది. కానీ ఏప్రిల్ వచ్చిందంటే లో వోల్టేజీకి అది ఉన్నా లేనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో ఎండలు ముదిరినప్పుడు పేపర్లో వేసే ఊళ్ల వరసలో రెంటచింతల పేరు పైన ఉండటం పల్నాటి వాళ్లకు కొత్త కాదు. నాపరాళ్ల నేల పగలంతా కాగి, రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకని వాడుకలో ఉన్న సీసాను అక్కయ్య ఆ ముంతలోనే దాస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇసుక తడుపుతుంది.

మొన్న వేసవిలో వెళ్లినప్పుడు మా మేనల్లుడు వరండాలో బల్ల మీద మూడు వస్తువులు పెట్టాడు. ఒకటి వాళ్లమ్మ ఇన్సులిన్ సీసా. రెండోది నరసరావుపేటలో డాక్టరు గారు రాసిచ్చిన చీటీ, దాని మీద టిర్జెపటైడ్ అని ఉంది. మూడోది వాడు తెప్పించుకున్నది. వేలెడు సీసా, అడుగున చిటికెడు తెల్లటి పొడి, పైన రబ్బరు మూత. లేబులు మీద బీపీసీ-157 అని, దాని కింద కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో, ఇది పరిశోధనకే, మనుషుల వాడకానికి కాదు అని ఇంగ్లీషులో ఉంది. జిమ్ముకు వెళ్తూ భుజం పట్టేయించుకున్నాడు. ఈ సూది వేసుకుంటే పది రోజుల్లో తగ్గుతుందని ఎవరో చెప్పారట.

"మామయ్యా, ఈ మూడూ పెప్టైడ్లేనంట గదా. అమ్మ వేసుకునేది మంచిదైనప్పుడు నాది చెడ్డదెట్టా అయిద్ది?"

నరసరావుపేటలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇంత మంచి ప్రశ్న తరగతిలో నన్ను ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం వాడికి చెప్పిందీ, ఆ తరవాత ఇంటికొచ్చి చదువుకుని సరిచూసుకున్నదీ కలిపితే ఈ అధ్యాయం అయింది.

పెప్టైడ్ అన్నది మందు పేరు కాదు, ఒక ఆకారం పేరు. ఆ మాట మొదట వాడింది జర్మనీ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్, 1902లో. మన ఒంట్లో ఇరవై రకాల అమైనో ఆమ్లాలున్నాయి. వాటిని ఇరవై రకాల పూసలనుకుందాం. రెండు పూసలు ఒకదానికొకటి అతుక్కునేటప్పుడు మధ్యలోంచి ఒక నీటి అణువు జారిపోతుంది. అలా గుచ్చుకుంటూ పోతే దండ తయారవుతుంది. పొట్టి దండను పెప్టైడ్ అంటాం, పొడుగు దండను ప్రోటీన్ అంటాం. ఎక్కడ పొట్టి ఆగి పొడుగు మొదలవుతుందన్నది మనం పెట్టుకున్న గీతే తప్ప ప్రకృతి గీసింది కాదు. యాభై పూసల దగ్గర ఆ గీత గీయడం వాడుక. ఇన్సులిన్‌లో 51 పూసలుంటాయి, 21 పూసల దండ ఒకటి, 30 పూసల దండ ఒకటి. అందుకే కొన్ని పుస్తకాలు దాన్ని పెప్టైడ్ అంటాయి, కొన్ని ప్రోటీన్ అంటాయి. ఆ వరస మొత్తం విప్పి చూపినందుకే ఫ్రెడరిక్ సాంగర్‌కు 1958లో నోబెల్ వచ్చింది.

పూస ఏది, ఏ చోట గుచ్చారు, దండ ఎలా మడతపడింది అన్నదాంట్లోనే అంతా ఉంది. దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు, అక్కయ్య వాళ్ల కొట్టంలోనే గేదె ఉంది. తెల్లారుజామున దూడను వదులుతారు. అది పొదుగు కుమ్మి నాలుగు గుక్కలు తాగేసరికి గేదె చేపుతుంది. పొదుగు బిగుస్తుంది, చన్నుల్లోకి పాలు దిగుతాయి. దూడ నోరు తగలగానే గేదె మెదడు అడుగునున్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. దాని పూసలు తొమ్మిదే. అమెరికాలో విన్సెంట్ డ్యూ విగ్నో 1953లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేశాడు, 1955లో నోబెల్ అందుకున్నాడు. ఆ తొమ్మిదిలో రెండంటే రెండు పూసలు మార్చండి, అది వాసోప్రెసిన్ అయిపోతుంది. అది కిడ్నీల దగ్గరికెళ్లి, ఒంట్లో నీరు మూత్రంలో పోకుండా ఆపుతుంది. రెండు పూసల తేడాతో ఒకటి పాలు దింపుతుంది, ఇంకొకటి నీళ్లు పట్టి ఉంచుతుంది.

దూడ చచ్చిపోయిన గేదె చేపకపోతే సూది పొడిచి పాలు పిండుకోవడం చాలా ఊళ్లలో చూశాం. ఆ సూదిలో ఉన్నది ఆక్సిటోసినే. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు దాన్ని తయారు చేయకుండా నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కాన్పు తరవాత ఆగకుండా రక్తం పోయే తల్లిని బతికించేది అదే సూది గనుక, దాన్ని కరువు చేయకూడదన్నది అక్కడ ప్రధానమైన మాట. కొట్టంలో వేస్తే తప్పు, కాన్పుల గదిలో వేస్తే ప్రాణదానం. దండ మాత్రం అదే.

శ్రీనాథుడు పల్నాడు తిరిగి చెప్పాడని మనవాళ్లు ఇప్పటికీ తలుచుకునే చాటువు ఒకటుంది. అందులో ఆయన ఈ సీమ తిండి గురించి, రాళ్ల గురించి చెబుతూ పాముల్నీ తేళ్లనూ కూడా లెక్కేశాడు. రాళ్లకిందా, మిరపచేలల్లో కళ్లాల దగ్గరా ఆ తేళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మన దేశపు ఎర్రతేలు విషంలో ఐబీరియోటాక్సిన్ అనే దండ ఉంది. దానికి 37 పూసలు. కండరాల్లో, నరాల్లో పొటాషియం బయటికి వెళ్లే ఒక రకం ద్వారానికి అది బిరడాలా అడ్డుపడుతుంది. టిర్జెపటైడ్‌కు 39 పూసలు. అంటే పొడుగులో తేలు విషానికీ, అక్కయ్యకు రాసిన మందుకూ తేడా రెండు పూసలే. కాబట్టి ఎవరైనా ఇది పెప్టైడ్, ఒంట్లో సహజంగా ఉండేదే, ఏం చేయదు అని చెబితే ఆ మాటలో మనకు తెలిసింది సున్నా. తేలు ఒంట్లో ఆ విషమూ సహజంగానే ఉంది.

మరి ఒక దండను ఇంకో దండతో పోల్చడం ఎలా? అది ఏ తాళానికి చెవి? ఒంట్లో ఎంతసేపు నిలుస్తుంది? మనుషుల మీద, ఎందరి మీద, ఎన్నాళ్లు పరీక్షించారు? మన చేతికొచ్చేసరికి చెడకుండా ఉందా? నేనైతే ఈ నాలుగూ అడుగుతాను. మేనల్లుడి బల్ల మీది మూడింటినీ ఇలాగే అడిగాం.

నిలవడం గురించి ముందు చెప్పాలి, పెప్టైడ్ మందుల కథంతా దాని చుట్టూనే తిరిగింది. పప్పు తిన్నా, గుడ్డు తిన్నా కడుపు చేసే పని దండలు తెంపి పూసలు విడదీయడం. ఇన్సులిన్ మింగితే దానికీ అదే గతి. అందుకే వందేళ్లుగా అది ఎక్కువగా సూదిమందుగానే ఉంది. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది వేసినప్పుడు మందు శుద్ధంగా లేక పెద్దగా ఫలితం ఇవ్వలేదు. జేమ్స్ కాలిప్ దాన్ని శుద్ధి చేశాక, జనవరి 23న వేసిన సూదితో ఆ పిల్లవాడి షుగరు దిగింది. ఆ పన్నెండు రోజుల్లో దండ మారలేదు, మురికి పోయిందంతే. తెల్లపొడి సీసా దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి మళ్లీ కావాలి.

ఇక ఒళ్లు తగ్గించే సూదుల సంగతి. మనం అన్నం తిన్నాక అది చిన్నపేగు చివరికి చేరేసరికి అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే దండను వదులుతాయి. 30 పూసలు. అది క్లోమానికి చెప్పి ఇన్సులిన్ వదిలిస్తుంది, అది కూడా రక్తంలో చక్కెర ఉన్నప్పుడే. కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. మెదడుకు, ఇక చాలు, ముద్ద ఆపు అని చెబుతుంది. జోయెల్ హేబెనర్ ప్రయోగశాలలోనూ, స్వెత్లానా మొయ్‌సోవ్ చేతుల్లోనూ, డెన్మార్క్‌లో యెన్స్ హోల్స్ట్ దగ్గరా ఈ దండ 1980లలో బయటపడింది. మొయ్‌సోవ్ పేరు చాలాకాలం ఎవరూ తలవలేదు. 2024లో లాస్కర్ బహుమతి హేబెనర్‌తో, లొట్టె బ్యెర్రె నూడ్‌సెన్‌తో పాటు ఆమెకూ ఇచ్చారు. చదివి సంతోషపడ్డాను.

ఇంత మంచి దండ మందు ఎందుకు కాలేదంటే, రక్తంలో దాని ఆయుష్షు రెండు నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైము కత్తెరలా వచ్చి మొదటి రెండు పూసలనూ కత్తిరించేస్తుంది. అవి పోతే చెవి తాళంలో తిరగదు. రెండు నిమిషాల మందును ఎవరు వేసుకుంటారు, గంటకు ముప్పైసార్లు?

దారి చూపింది ఒక విషపు బల్లి. అమెరికా నైరుతి ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే జీవి, ఏడాదిలో కొద్దిసార్లే తిని బతుకుతుంది. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఆసుపత్రిలో జాన్ ఎంగ్ అనే వైద్యుడు దాని విషంలో ఎక్సెండిన్-4 అనే 39 పూసల దండ ఉందని 1992లో ప్రకటించాడు. జీఎల్‌పీ-1ను పోలి ఉంటుంది, ఆ తాళాన్నే తీస్తుంది. కానీ రెండో స్థానంలో వేరే పూస ఉండటంతో కత్తెరకు చిక్కదు. దాన్నుంచి వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి దొరికింది. రోజుకు రెండు సూదులు.

ఆ తరవాత డెన్మార్క్‌లో నోవో నార్డిస్క్ కంపెనీలో నూడ్‌సెన్ బృందం ఇంకో ఉపాయం పట్టింది. బల్లి దండ కాదు, మనిషి దండనే తీసుకున్నారు. దానికి ఒక కొవ్వు తోక తగిలించారు. మన రక్తంలో ఆల్బుమిన్ అనే పెద్ద ప్రోటీన్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, కొవ్వుల్ని మోయడం దాని పని. తోకతో ఈ దండ ఆల్బుమిన్‌కు వేలాడుతుంది. వాగు దాటేటప్పుడు గేదె తోక పట్టుకున్న పిల్లవాడిలా అన్నమాట. కిడ్నీలో వడపోతకు దొరకదు, కత్తెరకూ సరిగా అందదు. అలా వచ్చిన లిరాగ్లూటైడ్ రోజుకొక సూది. ఆ తోకను ఇంకా పొడుగు చేసి, మనిషి దండలో రెండు పూసలు మార్చినదే సెమాగ్లూటైడ్. కత్తెర పడే చోట ప్రకృతిలోని ఇరవై రకాల్లో లేని పూసను పెట్టారు. సగం మందు ఒంట్లోంచి పోవడానికి సుమారు వారం పడుతుంది, కాబట్టి వారానికొక సూది చాలు. 2017లో షుగరుకు, 2021లో స్థూలకాయానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

టిర్జెపటైడ్‌ను ఎలీ లిల్లీ కంపెనీ తయారు చేసింది. ఒకే చెవితో రెండు తాళాలు తీయడం దీని ప్రత్యేకత. జీఎల్‌పీ-1 తాళంతో పాటు పేగుల్లోంచే వచ్చే జీఐపీ అనే ఇంకో హార్మోను తాళాన్ని కూడా తీస్తుంది. సగం పోవడానికి ఐదు రోజులు, ఇదీ వారానికొకటే. 2022లో షుగరుకు, 2023లో స్థూలకాయానికి అమెరికా అనుమతి వచ్చింది. తయారీలోనూ తేడా ఉంది. నోవో సెమాగ్లూటైడ్‌కు మూలదండను ఈస్టు కణాల చేత అల్లిస్తారు. టిర్జెపటైడ్‌ను పూర్తిగా రసాయన పద్ధతిలో గుచ్చుతారు. రెసిన్ గుండు మీద మొదటి పూసను కట్టేసి, ఒక్కొక్కటే గుచ్చుతూ పోయే ఆ పద్ధతి 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ కనిపెట్టింది. ఆ గుచ్చడానికి కావలసిన పూసలు తయారు చేసే కంపెనీలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో చౌటుప్పల్ దగ్గర దివీస్ ఉంది, బొంతపల్లిలో న్యూలాండ్ ఉంది.

ఎంత తగ్గిస్తాయి? ఇక్కడ అంకెలు జాగ్రత్తగా చదవాలి. సెమాగ్లూటైడ్ మీద చేసిన స్టెప్-1 పరీక్షలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది, మందు లేని ఉత్తి సూది వేసుకున్న వాళ్లలో 2.4 శాతం. టిర్జెపటైడ్ సర్మౌంట్-1లో పెద్ద మోతాదుకు 72 వారాల్లో 20.9 శాతం, ఉత్తి సూదికి 3.1. రెండు వేరువేరు పరీక్షల్లోని అంకెలను పక్కపక్కన పెట్టి ఇది గొప్పది అనడం సరికాదు, మనుషులు వేరు, కాలం వేరు. అందుకని రెండింటినీ ఒకే పరీక్షలో పోటీ పెట్టిన సర్మౌంట్-5కు విలువ ఎక్కువ. 2025లో వచ్చిన ఆ ఫలితాల్లో టిర్జెపటైడ్‌కు 20.2 శాతం, సెమాగ్లూటైడ్‌కు 13.7 శాతం. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది టిర్జెపటైడ్ కంపెనీయేనని, ఎవరికి ఏ మందు వేస్తున్నారో వాళ్లకు తెలుసునని కూడా గుర్తుంచుకోవాలి.

అయితే బరువు తగ్గడమే గమ్యం కాదు. సెలెక్ట్ అనే పరీక్షలో షుగరు లేని, గుండెజబ్బు ఉన్న, బరువెక్కువైన 17,604 మందిని తీసుకున్నారు. సుమారు మూడేళ్ల మీద గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం కలిపి చూస్తే ఉత్తి సూది వాళ్లలో నూటికి 8 మందికి వచ్చాయి, సెమాగ్లూటైడ్ వాళ్లలో 6.5 మందికి. దీన్నే 20 శాతం తగ్గింపు అని ప్రకటిస్తారు. రెండూ నిజమే. నూటికి ఒకటిన్నర మందికి మేలు అన్న రెండో మాట కూడా రోగికి చెప్పాలని నా పట్టుదల. అది తక్కువ మేలేం కాదు. కానీ ఏ మేలు కోసం డబ్బు పెడుతున్నామో తెలియాలి గదా.

ఇంకొకటి. స్టెప్-1, సర్మౌంట్-1 రెండింట్లోనూ మొదట్లో సగటు బరువు 105 కిలోలు. రెంటచింతల సంతలో 105 కిలోల మనిషి ఎంతమంది కనపడతారు? మన దగ్గర షుగరు మనిషి వేరేలా ఉంటాడు. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ముందుకు. అందుకే మనకు బాడీ మాస్ ఇండెక్స్ 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్క వేస్తారు, పాశ్చాత్యులకు 30. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ఐసీఎంఆర్ చేయించిన ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది. పల్నాడు సంగతి కళ్లముందుదే. జొన్న సంకటి, సజ్జ రొట్టె తిని చేలల్లో నడిచిన నేల ఇది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు పారాక మూడు పూటలా వరన్నమే అయింది. అన్నం మీద నాకు కోపం లేదు, ఆకలి తీర్చింది అదే. కానీ పళ్లెంలో పప్పు, గుడ్డు, పెరుగు పెరగకుండా అన్నం ఒక్కటే పెరిగింది.

సూదుల దగ్గర ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తగ్గే బరువంతా కొవ్వు కాదు. పరీక్షల్లో స్కాన్ తీసి చూస్తే, తగ్గిన దాంట్లో పావు వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కండ వంటి కొవ్వు కాని భాగమే. 105 కిలోల మనిషి కొంత కండ పోగొట్టుకోవడం వేరు, కాళ్లు ఇప్పటికే పుల్లల్లా ఉన్న అరవయ్యేళ్ల మనిషి పోగొట్టుకోవడం వేరు. సూది ఆకలి చంపుతుంది. ఆ తినే నాలుగు ముద్దల్లో పప్పు, గుడ్డు, పెరుగు లేకపోతే, కాళ్లకు పని చెప్పకపోతే కండ కరుగుతుంది. పైగా సూది మానేస్తే బరువు వెనక్కి వస్తుంది. స్టెప్-1లో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు కండ అంతే మోతాదులో వస్తుందన్న హామీ లేదు. పెళ్లి ముందు మూడు నెలలు వేసుకుని ఆపేద్దాం అనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇది బీపీ మాత్రలాంటిది, మొదలుపెట్టడం అంటే ఏళ్ల తరబడి వాడటానికి ఒప్పుకోవడం.

వికారం, వాంతులు, మలబద్ధకం చాలామందికి వస్తాయి, మోతాదు మెల్లగా పెంచితే తగ్గుతాయి. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. థైరాయిడ్ మెడుల్లరీ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే వాడకూడదు. ఇన్సులిన్ వేసుకునే వాళ్లకు ఇది చేర్చితే ఇన్సులిన్ మోతాదు తగ్గించుకోవలసి రావచ్చు, లేకపోతే షుగరు పడిపోతుంది. అక్కయ్య చీటీ మీద డాక్టరు గారు ఆ మాట ఎర్రసిరాతో రాశారు.

పరీక్ష అన్న మాటకు ఎంత బరువుందో తెలియాలంటే మన గుంటూరు సీమ మనిషి కథ ఒకటి చెప్పాలి. తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. సొంతంగా కొత్త మందు కనిపెట్టాలన్నది ఆయన కల. ఆ సంస్థ కనిపెట్టిన బాలాగ్లిటజోన్ అనే షుగరు మందు హక్కులను 1997లో నోవో నార్డిస్క్ తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ తన సొంత అణువును అలా విదేశానికి ఇవ్వడం అప్పట్లో పెద్ద వార్త. ఆ వెనకే రాగాగ్లిటజార్ అనే ఇంకో అణువునూ నోవో తీసుకుంది. అది మనుషుల మీద పరీక్షల్లో ముందుకెళ్తుండగా, ఎలుకజాతి జంతువుల్లో మూత్రాశయంలో గడ్డలు కనిపించాయి. 2002లో ఆపేశారు. ఇవి పెప్టైడ్లు కావు, చిన్న అణువులు. ఎన్నో ఏళ్ల శ్రమ, ఎంతో డబ్బు, ఒక మనిషి కల. అయినా ఆపారు. ఒక మందు మీద నమ్మకం పెట్టుకునేది ఇలా ఆపగలిగిన పద్ధతి ఉందనే.

అదే డాక్టర్ రెడ్డీస్, అదే నోవో నార్డిస్క్ 2025లో ఢిల్లీ హైకోర్టులో ఎదురెదురుగా నిలబడ్డాయి, సెమాగ్లూటైడ్ కోసం. నోవోకు పేటెంటు లేని దేశాలకు ఇక్కడ తయారుచేసి పంపుకోవచ్చని డిసెంబరులో కోర్టు చెప్పింది. మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. ధర విషయంలో ఇది చాలా ముఖ్యం. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన మార్కెట్‌లోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. వారానికొకటి లెక్కన నెలకు పద్నాలుగు నుంచి పదిహేడున్నర వేలు. మిరపకు మంచి రేటొచ్చిన ఏడాది తప్ప పల్నాటి రైతు ఇంట అది మోయలేని బరువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో ఈ రకం మందులను షుగరుతో పాటు గుండెజబ్బో కిడ్నీ జబ్బో ఉండి ఒళ్లెక్కువైన వాళ్ల కోసం అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అంటే అందరికీ అందాల్సినవని అర్థం. చవకగా రావాలని నేనూ కోరుకుంటాను. కానీ ధర దిగే కాలంలోనే నకిలీలు పుడతాయి. నకిలీ సెమాగ్లూటైడ్ పెన్నులు మూడు దేశాల్లో దొరికాయని 2024 జూన్‌లో అదే సంస్థ హెచ్చరించింది.

ఇప్పుడు మేనల్లుడి తెల్లపొడి. బీపీసీ-157కు 15 పూసలు. కడుపులో ఊరే రసంలోని ఒక ప్రోటీన్‌లోంచి తీసిన వరస అని చెబుతారు. ఎలుకల్లో తెగిన నరాలు, కండరాలు త్వరగా అతుక్కున్నాయని రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం క్రొయేషియాలోని ఒకే బృందానివి. మనుషుల మీద పెద్ద పరీక్ష జరగలేదు. ఏ తాళానికి చెవో నిక్కచ్చిగా తేలలేదు. అమెరికా ఎఫ్‌డీఏ 2023లో భద్రతా సందేహాలున్న పదార్థాల వరసలో పెట్టింది. క్రీడల్లో డోపింగ్ చూసే వాడా సంస్థ 2022 నుంచి నిషేధించింది. ఒకవేళ ఆ దండ నిజంగా మంచిదే అనుకున్నా, ఆ సీసాలో ఉన్నది అదేనని ఎవరు చూశారు? పూసలు గుచ్చేటప్పుడు ఒక్క పూస తప్పిపోయిన దండలు ఎప్పుడూ కొన్ని తయారవుతాయి. వాటిని ఏరి పారేయడమే సగం పని. ఏరకపోతే కంటికి అంతా ఒకటే తెల్లపొడి. లియొనార్డ్ థాంప్సన్ మొదటి సూదికీ రెండో సూదికీ మధ్య ఉన్న తేడా అదే. టొరంటోలో కాలిప్ చేసిన ఆ శుద్ధి ఈ సీసాకు జరిగిందని చెప్పే సంతకం ఎక్కడా లేదు.

వాడు సీసా అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి నా భుజమో?" అన్నాడు. నరసరావుపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. వెళ్లాడు. స్కానింగ్‌లో కండరం చివర కొద్దిగా చిరిగిందని తేలింది. ఆరువారాల వ్యాయామాలు రాశారు.

మిగిలింది అక్కయ్య సంగతి. టిర్జెపటైడ్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బయట పెట్టాల్సి వస్తే 30 డిగ్రీలు దాటకుండా 21 రోజులు. వేడెక్కితే దండ మడతలు విప్పుకుంటుంది, విప్పుకున్న దండలు ఒకదానికొకటి చుట్టుకుని పోగులు పడతాయి. అప్పుడు చెవి తాళంలో దూరదు. చాలాసార్లు కంటికి కూడా తెలియదు. ఇన్సులిన్ సత్తువ తగ్గితే అక్కయ్య మీటరులో రెండు రోజుల్లో పట్టేస్తుంది. వారం మందు సత్తువ తగ్గితే నెలకు గానీ అనుమానం రాదు. మేనల్లుడు జ్వరం చూసేది కాదు, గోడకు తగిలించే థర్మామీటరు తెచ్చి కుండలోని ముంతలో పెట్టాడు. పొద్దున ఎనిమిదికి 27 చూపించింది. మధ్యాహ్నం మూడింటికి, వరండాలో 44 ఉన్నప్పుడు, ముంతలో 31.

అందరం ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాం. తడి ఇసుక, ఎండ గాలి కలిసి పదమూడు డిగ్రీలు దించాయి. కావలసింది ఇంకొక్క డిగ్రీ.

"వారానికి ఒక్కసారే గదంట్రా," అంది అక్కయ్య. "ఈడ పెట్టుకునేదేంది? శనివారం శనివారం గురజాల పోయి, ఆ మెడికల్ షాపు ఫ్రిజ్‌లోంచి తీపించి, అక్కడే నర్సమ్మ చేత ఏపిచ్చుకుని వస్తా. ఇన్సులిన్ మాత్రం దీంట్లోనే ఉండనీ, ఇరవై రోజులకల్లా అవగొడతాలే."

చెంబుతో నీళ్లు తెచ్చి ఇసుక మీద పోసింది.